ఉగాది ముంగట మిద్దె మీద ఏం పెట్టాలె? – వరంగల్ ఎండకు తగ్గట్టు కూరగాయలు, పూలు

హన్మకొండ_మిద్దె · ఫిబ్రవరి 21, ఉదయం 7:10

అందరికీ నమస్తే. జాగ రెండో అంతస్తు మిద్దె, 20 అడుగులకు 30 అడుగులు. పడమర దిక్కు అడ్డం ఏం లేదు, పొద్దుమీకేదాక ఎండే. సామాను: 12 అంగుళాల గ్రో బ్యాగులు 20, పెయింటు బకెట్లు (20 లీటర్లవి) 10, సగానికి కోసిన డ్రమ్ములు 4. నీళ్ళు బోరువి, బకెట్ల అంచుకు తెల్లగ ఉప్పు పడుతది. శివరాత్రితోని చలి పోయింది. టమాట, బెండ, బీర, సొర, ఆకుకూరలు. పూలల్ల మల్లె, బంతి, గడ్డిగులాబీ అనుకుంటున్న. ఏది ముందు పెట్టాలె, ఏది వద్దు? మట్టి కాడికెళ్ళి చెప్పుండ్రి.

చెల్కమట్టి · ఫిబ్రవరి 21, రాత్రి 8:35

ముందుగాల తారీఖుల లెక్క చూడాలె. టమాట గింజ ఇయ్యాల పెడితే నారుకు 25–30 రోజులు, నాటినంక పూతకు ఇంకో నెల. అంటే పూత ఏప్రిల్ మూడో వారంల వస్తది. అప్పటికి మన దిక్కు పగలు 40కి అటు ఇటు ఉంటది, రాత్రి కూడ సల్లబడది. పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాట పుప్పొడి చెడుతది, పూత కాడతో సహా రాలుతది. మందులు కొట్టినా లాభం ఉండది. గింజ మానేసి, నర్సరీల నెల రోజుల నారు దొరికితే ఈ వారంలనే నాటుండ్రి. మార్చి ఆఖరుకల్లా పట్టిన పిందెలే మీ పంట. అర్క రక్షక్ రకం టమాట దొరికితే మంచిది, ఆకుముడత వైరస్‌ను, వాడు తెగులును తట్టుకుంటది.

ఎండను లెక్కచెయ్యనివి బెండ, గోకరకాయ (గోరుచిక్కుడు), బీర, కాకర, సొర, దోస, తోటకూర, పుంటికూర (గోంగూర), గంగవాయిలి, బచ్చలి. వీటికి గింజ ఇప్పుడే. పాలకూర, మెంతి మార్చి నడుమదాక నడుస్తయి. కొత్తిమీర నీడల అయితేనే.

బెండ: గింజ రాత్రంత నానబెట్టాలె, గుంతకు రెండు గింజలు, లోతు ముప్పావు అంగుళం. 12 అంగుళాల బ్యాగుకు రెండు చెట్లు చాలు, మూడోది ఉంచితే మూడూ కాయవు. బెండకు నారు పోసి పీకి నాటుడు వద్దు, తల్లివేరు దెబ్బతింటది.

కాకర: గింజ తోలు గట్టిది. మొనను గోరుకత్తెరతో జరంత కత్తిరించి, 24 గంటలు నానబెట్టి, తడి గుడ్డల కట్టాలె. మొలక కనబడ్డంకనే మట్టిల పెట్టాలె.

బీర, కాకర బకెట్‌కు ఒక్కొక్కటి. సొర డ్రమ్ముల తప్ప వద్దు, డ్రమ్ముకు ఒకటే.

కాజీపేట_నర్సరీ · ఫిబ్రవరి 22, ఉదయం 6:50

మట్టి సంగతి. ఎండాకాలం మిశ్రమం వానాకాలం దానిలా ఉండకూడదు. మూడు పాళ్ళు ఎర్రమట్టి, మూడు పాళ్ళు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, మూడు పాళ్ళు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు కాల్చిన వరి ఊక. ఊక రైస్ మిల్లుల దగ్గర దొరుకుతుంది, మట్టి గట్టిపడకుండా చేస్తుంది. కోకోపీట్ ఇటుకను నానబెట్టి ఒకసారి నీళ్ళు పిండేయండి. ఉప్పు ఉన్నది తెచ్చి వాడితే మొలకల ఆకు అంచులు మాడతాయి. అసలే మీది బోరు నీళ్ళు.

12 అంగుళాల బ్యాగుకు వేపపిండి 100 గ్రాములు. వేపపిండిని అలాగే కలిపేయకుండా ట్రైకోడెర్మాతో (తెగుళ్ళను అణిచే మేలు చేసే బూజు పొడి) మాగబెడితే వేరుకుళ్ళు చాలా తగ్గుతుంది. పొలానికి చెప్పే పాళ్ళు: 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా. మిద్దెకు అందులో పదో వంతు చాలు: 9 కిలోలు, కిలో, 200 గ్రాములు. నీడలో కుప్ప చేసి, చేత్తో పిడికిలి పడితే ముద్ద నిలిచేంత తడి చేసి, గోనెపట్టా కప్పి 7 నుంచి 10 రోజులు ఉంచాలి. మీద తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు కనిపిస్తే సరిగ్గా మాగినట్టు. కంపు కొడితే తడి ఎక్కువైనట్టు, తిరగేసి ఆరబెట్టండి.

బకెట్లకు అడుగున పెన్సిల్ లావు చిల్లులు ఐదు, అడుగు నుంచి అంగుళం ఎత్తున పక్కలకు మూడు. పక్క చిల్లులు లేకపోతే అడుగువి స్లాబుకు ఆనుకుని మూసుకుపోతాయి.

ఊరచెరువు · ఫిబ్రవరి 22, ఉదయం 9:15

ఇంత ఖర్చెందుకు? చెరువు పూడిక మట్టి తెచ్చుకోండి. మిషన్ కాకతీయల చెరువులు తవ్వినప్పుడు రైతులు ట్రాక్టర్లకు ట్రాక్టర్లు పొలాలకు తోలిండ్రు. దాన్ని మించిన బలం ఇంకోటి లేదు.

చెల్కమట్టి · ఫిబ్రవరి 22, మధ్యాహ్నం 1:05

చెల్కకు బంగారమే అన్నా, కాదన. బకెట్‌కు మాత్రం కాదు. పూడికల బంకపాలు ఎక్కువ. పొలంల దుబ్బతో కలిసి తడిని పడుతది. బకెట్‌ల ఒంటిగ పోస్తే ఏప్రిల్‌ల ఎండి బకెట్ గోడను ఇడుస్తది. పోసిన నీళ్ళన్నీ ఆ సందుల నుంచి కిందికి జారుతయి, నడుమ గడ్డ పొడిగనే ఉంటది. పైన తడి చూసి నీళ్ళు సరిపోయినయి అనుకుంటరు, చెట్టు మాత్రం వాడుతది. కలపాలనుకుంటే ఎర్రమట్టి పాలుల సగం కంటె మించొద్దు.

జగిత్యాల_ఇంజినీరు · ఫిబ్రవరి 22, సాయంత్రం 6:20

బరువు గురించి ఒక మాట. మనుషులు తిరిగే మిద్దె స్లాబుకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల భారం లెక్క వేస్తారు. తడిసిన 20 లీటర్ల ఎర్రమట్టి బకెట్ 30 కిలోలు దాటుతుంది. కోకోపీట్ మిశ్రమమైతే 20 దగ్గర ఆగుతుంది. సగం డ్రమ్ము నిండా తడి మట్టి అంటే 150 కిలోల పైమాటే. డ్రమ్ములను స్లాబు నడుమ పెట్టకండి, కింద గోడ లేదా బీమ్ ఉన్న వరుసలోనే పెట్టండి. అన్నిటి కిందా ఇటుకలు పెట్టి మూడు నాలుగు అంగుళాలు లేపితే నీళ్ళు నిలవవు, స్లాబు వేడి వేర్లకు తగలదు.

మొగిలిపువ్వు · ఫిబ్రవరి 23, ఉదయం 10:40

పూలు నాకు వదలండి.

మల్లెను జనవరిలోనే కత్తిరించి ఉండాలి. చేయకపోతే ఈ రెండు మూడు రోజుల్లో చేసేయండి, ఇంకా ఆలస్యమైతే ఈ కాపు పోయినట్టే. వారం రోజులు నీళ్ళు బాగా తగ్గించి, ప్రతి కొమ్మనూ మూడో వంతు కత్తిరించి, మిగిలిన ఆకులన్నీ చేత్తో దూసేయాలి. మోడుగా కనిపించినా భయం లేదు. తర్వాత పై మట్టి రెండు అంగుళాలు గుల్ల చేసి, వర్మీకంపోస్టు అర కిలో, వేపపిండి 50 గ్రాములు, ఎముకల పొడి రెండు చెంచాలు వేసి నిండా నీళ్ళు పెట్టండి. మల్లెపూలు కొత్త చిగుళ్ళ కొసలకే వస్తాయి. అందుకే ఒక విడత పూత అయిపోగానే కొసలు రెండు కణుపుల మేర తుంచితే ఇంకో విడత వస్తుంది. ఎండ కనీసం ఆరు గంటలు ఉండాలి, షేడ్ నెట్ కింద మల్లె పెట్టొద్దు.

బోరు నీళ్ళకు మల్లె, గులాబీ, మందారలో కొత్త ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా సున్నం నీళ్ళ వల్ల వేరు తీసుకోలేదు. లీటరుకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ, వారానికి ఒకసారి చొప్పున మూడుసార్లు. చాలామంది ఇది చూసి యూరియా వేస్తారు, దానితో ఈ పసుపు పోదు.

గడ్డిగులాబీకి విత్తనం ఎందుకు? మూడు అంగుళాల కొసలు తెంపి, ఒక పూట నీడలో వాడబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. నీళ్ళు ఎక్కువైతేనే చస్తుంది. జిన్నియా గింజ నేరుగా కుండీలో వేయండి, వారం లోపే మొలుస్తుంది. ఆకుల మీద నీళ్ళు పోయకండి, ఆకుమచ్చ తెగుళ్ళు వస్తాయి. పెద్ద బంతి ఎండల్లో చిన్న పూలే ఇస్తుంది, ఎర్రనల్లిని కూడా పిలుచుకొస్తుంది. కూరగాయల నడుమ అక్కడక్కడా చిన్న రకం బంతి నాలుగైదు చాలు.

హన్మకొండ_మిద్దె · మార్చి 14, ఉదయం 6:30

బెండ, బీర, సొర మంచిగ మొలిచినయి. కొత్తిమీర వేసి 12 రోజులైంది, ఒక్కటి మొలవలే. ధనియాలు కిరాణా దుకాణంవి.

కాజీపేట_నర్సరీ · మార్చి 14, ఉదయం 8:00

ధనియా కాయలో రెండు పలుకులు ఉంటాయి. చెప్పుతోనో చపాతీ కర్రతోనో మెల్లగా నలిపి రెండుగా విడగొట్టాలి, పొడి చేయకూడదు. 12 గంటలు నానబెట్టి, అర అంగుళం లోతున వేసి, తడి గోనెపట్టా కప్పండి. మొలక తల ఎత్తిన రోజే పట్టా తీసేయాలి. మట్టి వేడెక్కితే మొలవదు కాబట్టి గోడ నీడలో, థర్మకోల్ డబ్బాలో అయితేనే పని అవుతుంది. పాత ధనియాలు మాత్రం ఏం చేసినా మొలవవు. పది గింజలు తడి గుడ్డలో కట్టి చూసి ఆ తర్వాతే వేయండి.

చెల్కమట్టి · మార్చి 14, రాత్రి 9:10

షేడ్ నెట్ ఇప్పుడే కట్టుకోండ్రి, ఏప్రిల్ దాక ఆగితే చెట్లకు దెబ్బ తగిలినంక కట్టినట్టయితది. ఆకుపచ్చది, 50 శాతం. 75 శాతంది తెస్తే బెండ, బీర సన్నగ సాగుతయి, పూత రాదు. ఏడు అడుగుల ఎత్తున, పడమర దిక్కు నడుముదాక కిందికి ఏలాడేటట్టు. తూర్పు ఇడిసిపెట్టాలె, పొద్దటి ఎండ కావాలె. నాలుగు మూలల తాడుతోని బిర్రుగ కట్టొద్దు. సైకిల్ ట్యూబు పట్టీలు నడుమ పెట్టి కడితే ఏప్రిల్ గాలిదుమారానికి సాగి మళ్ళ వెనక్కి వస్తది. బిర్రుగ కట్టింది చిరుగుతది, లేకుంటే పైపునే పీకుతది.

బీర, కాకర తీగను పడమర పక్కకే పందిరి పాకిస్తే నెట్ ఖర్చు సగం తగ్గుతది.

మట్టి మీద రెండు అంగుళాలు వరిగడ్డి కప్పుండ్రి, పల్లిపొట్టు ఉన్నా సరే. కాడకు రెండు వేళ్ళ దూరం ఇడువాలె, ఆనితే కాడ కుళ్ళుతది.

హన్మకొండ_మిద్దె · మార్చి 29, రాత్రి 7:45

మూడు సందేహాలు. 1) బీరకు రోజూ పది పూలు, పిందె ఒక్కటి నిలుస్తలేదు. 2) టమాట కాయ అడుగున నల్లటి మచ్చ, తోలు లెక్క గట్టిగ. కోడిగుడ్డు పెంకులు వేసిన. 3) మధ్యాహ్నం టమాట వాడుతది, నీళ్ళు పోసుడా?

పరకాల_పందిరి · మార్చి 29, రాత్రి 9:30

బీర సంగతి చెప్త. మొదటి రెండు వారాలు దాదాపు మగపూలే, గాబరా వద్దు. ఎండ ముదిరితే మగపూలు ఇంకా ఎక్కువైతయి. ఆ తర్వాత కూడా పిందె నిలవకుంటే పరాగం అంటుతలేదని లెక్క. మిద్దె మీదికి తేనెటీగలు తక్కువ, పైగ బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం 5 దాటినంక. పొద్దున పోయి చూస్తే వాడిన పువ్వే కనబడుతది.

సాయంత్రం 6 గంటలకు పోండ్రి. మగపూలు గుత్తిగ వస్తయి, సన్నటి కాడ. ఆడపువ్వు ఒంటిగ ఉంటది, రేకుల కింద గీతలు గీతలుగ చిటికెన వేలంత పిందె ఉంటది. ఇప్పుడే విచ్చుకున్న మగపువ్వు తెంపి రేకులు వెనక్కి ఒలవాలె. నడుమ పసుపు పొడి వేలికి అంటితే పనికొస్తది, అంటకుంటే ఇంకోటి తెంపాలె. ఆడపువ్వు నడుమ మూడు పాయల జిగట ముద్ద ఉంటది, మూడు పాయలకూ అంటేటట్టు మెల్లగ రుద్దాలె. ఒక్క పక్కకే అంటితే కాయ వంకర తిరుగుతది. ఒక మగపువ్వుతోని రెండు ఆడపూలు చాలు. మూడు రోజులకు పిందె ముదురు పచ్చగ లావైతే పట్టినట్టు, పసుపు తిరిగితే పోయినట్టు.

సొర కూడ సాయంత్రమే, తెల్ల పువ్వు. కాకర, దోస, నేతిబీర మాత్రం పొద్దుగాల 6–8 నడుమ. సొరకు ఇంకోటి: ఆడపూలు పక్క కొమ్మలకు ఎక్కువ వస్తయి, తీగ పందిరి ఎక్కినంక కొస తుంచుండ్రి. ఆ ‘త్రీ జీ కటింగ్’ (తీగ కొస, తర్వాత పక్క కొమ్మల కొసలూ తుంచుడు) వీడియోలు చూసి బీరను గొరిగినట్టు కొయ్యకుండ్రి, ఈ ఎండకు ఆకే దానికి గొడుగు.

కాజీపేట_నర్సరీ · మార్చి 30, ఉదయం 7:20

నల్లమచ్చ కాల్షియం లోపమే, కానీ మట్టిలో కాల్షియం లేక కాదు. అది నీళ్ళతోపాటే కాయకు చేరుతుంది. ఒకరోజు ఎండబెట్టి మరుసటి రోజు ముంచేస్తే కాయ కొసకు అందదు. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందవు. మచ్చ పడ్డ కాయలు తెంపేసి, కాల్షియం నైట్రేట్ లీటరుకు 5 గ్రాములు వారం తేడాతో రెండుసార్లు చల్లండి, నీళ్ళు క్రమం తప్పకండి. కాయ భుజాన తెల్లటి బొబ్బలాంటి మచ్చ అయితే వేరు, అది ఎండదెబ్బ. ఆకులు ఎక్కువగా తుంచినవాళ్ళకు వస్తుంది.

మూడోది: మధ్యాహ్నం వాడి సాయంత్రం లేస్తే మామూలే. వేలు రెండు అంగుళాలు గుచ్చండి, తడి ఉంటే పోయకండి. సాయంత్రానికీ లేవకుండా, ఆకులు పచ్చగా ఉండగానే వాలితే వాడు తెగులు కావచ్చు. కాండం అడుగు దగ్గర కోసి ఆ ముక్కను గాజు గ్లాసు నీళ్ళలో వేలాడదీయండి. రెండు మూడు నిమిషాల్లో కోత నుంచి పాలలాంటి సన్నని దారం కిందికి దిగితే బాక్టీరియా వాడు. మందు లేదు. మట్టితో సహా తీసేసి, ఆ మట్టిలో వంకాయ, మిర్చి, టమాట ఏవీ పెట్టొద్దు.

నీళ్ళ లెక్క: 12 అంగుళాల బ్యాగులో కాయలున్న చెట్టుకు ఏప్రిల్‌లో రోజుకు రెండు లీటర్ల దాకా, రెండు విడతలుగా. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు అయితే ఉదయం 15, సాయంత్రం 15 నిమిషాలు. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్ళు కాలుతుంటాయి, వాటిని బకెట్‌లోకి పట్టి ఆ తర్వాతే చెట్లకు పెట్టండి. పదిహేను రోజులకోసారి అడుగు నుంచి ధారగా కారేంత పోస్తే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది.

హన్మకొండ_మిద్దె · ఏప్రిల్ 12, ఉదయం 6:15

బీర పిందెలు నిలబడ్డయి, పందిరన్నకు దండం. ఇప్పుడు బెండ ఆకు మీద తెల్లటి చుక్కలు, అడుగున సన్నగ బూజు లెక్క. గంధకం పొడి తెచ్చిన, లీటరుకు 3 గ్రాములు అన్నరు. మిర్చి ఆకు ముడుస్తుంది. కోతులు దోసకాయలు తెంపినయి.

చెల్కమట్టి · ఏప్రిల్ 12, ఉదయం 6:50

గంధకం ఆపుండ్రి! 35 దాటిన ఎండల కొడితే ఆకు మాడుతది, దోస, బీర జాతికైతే ఇంకా ఎక్కువ. వేపనూనె కొట్టి రెండు వారాలు కాకుంటే అసలే వద్దు.

అది ఎర్రనల్లి, బూజు కాదు, దాని గూడు. తెల్ల కాగితం మీద ఆకు దులుపుండ్రి, నడిచే ఎర్రటి చుక్కలు కనబడుతయి. పొద్దుగాల పైపు మూతికి వేలు అడ్డం పెట్టి ఆకు అడుగున జోరుగ నీళ్ళు కొట్టాలె, మూడు రోజులు వరుసగ. దుమ్ము, పొడి గాలి ఉంటేనే అది పెరుగుతది. తర్వాత వేపనూనె: ముందు 5 మి.లీ. నూనెల 2 మి.లీ. సబ్బునీళ్ళు లేదా కుంకుడు రసం వేసి తెల్లగ అయ్యేదాక కలిపి, ఆ తర్వాత లీటరు నీళ్ళల పొయ్యాలె. తిర్లమర్ల చేస్తే నూనె పైన తేలి, పడ్డకాడ ఆకు కాలుతది. పొద్దు గూకినంకనే కొట్టాలె, ముందు ఒక్క ఆకు మీద చూడాలె.

మిర్చి ఆకు అంచులు పైకి పడవ లెక్క ముడిస్తే పైముడత, తామరపురుగు పని. కిందికి ముడిసి కాడ పొడుగైతే కిందిముడత, నల్లి. ఏదో చూసుకుని కొట్టుండ్రి. 2021ల మన మిర్చి చేన్లను ఆగం చేసిన నల్ల తామరపురుగు పూలల్ల ఉంటది. పువ్వు దులిపి చూడాలె, నీలం జిగురు అట్టలు చెట్టు ఎత్తున కట్టాలె. పసుపు అట్టలు తెల్లదోమకు.

బెండ ఆకు ఈనెలు వల లెక్క పసుపైతే పల్లాకు తెగులు, తెల్లదోమ మోస్తది. ఆ చెట్టు పీకి సంచిల కట్టి పారేయాలె. అర్క అనామిక రకం బెండ తట్టుకుంటది గని అసలే రాదని కాదు.

మొగిలిపువ్వు · ఏప్రిల్ 12, ఉదయం 11:25

కోతులకు నైలాన్ వల ఆగదు, ఒక్కరోజులో చింపేస్తాయి. రెండు అంగుళాల కన్ను ఇనుప జాలీ, ఇనుప పైపు చట్రం, పైకప్పుతో సహా. అన్నిటికీ అక్కర్లేదు. దోస, టమాట, వంకాయ, మందార మొగ్గలు లోపల. కాకర, మిర్చి, పుంటికూర బయట. వాటి జోలికి తక్కువ వస్తాయి. రానే రావని మాత్రం చెప్పలేను, ఆకలి మీద ఉంటే మనీప్లాంటునూ వదలవు.

పరకాల_పందిరి · మే 6, సాయంత్రం 5:50

వడగళ్ళు పడ్డ దిక్కు వాళ్ళకు: చిరిగిన ఆకులు ఆ రోజే కొయ్యకుండ్రి, రెండు రోజులు ఆరనిచ్చి పూర్తిగ పోయినవే తియ్యాలె. నెట్ మీద నిలిచిన వడగళ్ళను కింది నుంచి చీపురుతోని ఎత్తి దులపాలె, బరువుకు పైపులు వంగుతయి.

ఇంకోటి, ముఖ్యం. ఎండకు నీళ్ళు తక్కువైన సొర, బీర, దోస చేదు ఎక్కుతయి. వండే ముందు ముక్క నాలుకకు తాకించి చూడాలె. సొర చేదుంటే పారేయాలె. ఉప్పు వేసినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు. వాంతులై, కడుపుల రక్తం పోయి దవాఖానల పడ్డోళ్ళున్నరు. చేదు సొర రసం అసలే తాగొద్దు.

హన్మకొండ_మిద్దె · మే 19, ఉదయం 7:00

టమాట అయిపోయింది, పీకిన. వేర్లకు బుడిపెలు ఉన్నయి. ఆ మట్టి మళ్ళ వాడొచ్చా? బంతి గింజ దాచి బతుకమ్మకు పెట్టాలని ఉంది, ఎప్పుడు వెయ్యాలె?

కాజీపేట_నర్సరీ · మే 19, ఉదయం 8:45

బుడిపెలు నులిపురుగులవి. రోహిణి కార్తె ఎండను వాడుకోండి. వేర్లన్నీ ఏరి కాల్చేసి, మట్టిని మిద్దె మీద పట్టా పరిచి ఆరు అంగుళాల మందాన పోయండి. బాగా తడిపి, పారదర్శక పాలిథిన్ కప్పి, అంచులు ఇటుకలతో గాలి దూరకుండా మూయండి. నాలుగు వారాలు కదపొద్దు. నల్ల షీటు వేస్తే మట్టి అంత వేడెక్కదు. పొడి మట్టి మీద కప్పినా పని జరగదు, తడి ఉంటేనే వేడి లోపలికి దిగుతుంది. తీశాక వేపపిండి, ట్రైకోడెర్మా మాగబెట్టిన ఎరువు కలపండి, ఎందుకంటే ఆ వేడికి మంచివి కూడా పోతాయి. ఆ మట్టిలో ఈసారి ఆకుకూరలో బంతో వేయండి, టమాట జాతి వద్దు.

మొగిలిపువ్వు · మే 19, మధ్యాహ్నం 12:30

బంతి గింజ పెత్రమాసకు (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) 80 రోజుల ముందు వేయండి. నారు 25 రోజులు, నాటిన నెలకు కొస తుంచాలి, తర్వాత మొగ్గ. తుంచకపోతే ఒకే కొమ్మకు నాలుగు పూలు, తుంచితే గుబురు. గింజకు చెట్టు మీదే ఎండిన పూలు కోసి, నీడలో వారం ఆరబెట్టి, కాగితం పొట్లంలో పెట్టండి, ప్లాస్టిక్ వద్దు. విప్పి చూస్తే కొన్ని నల్లగా గట్టిగా, కొన్ని గడ్డిపోచలా తెల్లగా ఉంటాయి. నల్లవే ఉంచుకోండి, తెల్లవి తాలు.

హన్మకొండ_మిద్దె · మే 19, రాత్రి 9:05

మంచిది అక్కా. పాలిథిన్ రేపు తెస్త. ఎంత మందంది కావాలె?

కాజీపేట_నర్సరీ · మే 19, రాత్రి 9:20

25 నుంచి 50 మైక్రాన్లు. పాత షీటు అయితే చిల్లులు చూసుకుని టేపు వేయండి.